చెరిపేసిన మాటలు చెప్పే కథ: 'సెర్చింగ్' ప్రదర్శన తరువాత ఇచ్చిన ప్రసంగం

మిత్రులందరికీ నమస్కారం.

కనిపించకుండా పోయిన కూతురి కోసం ఒక తండ్రి చేసే వెతుకులాటను మొత్తం కంప్యూటర్ తెర మీదనే చూపిన 'సెర్చింగ్' చిత్రాన్ని మీరంతా ఇప్పుడే చూసి కూర్చున్నారు కాబట్టి, ఆ అమ్మాయి ఏమైందో, దోషి ఎవరో దాచిపెట్టి మాట్లాడవలసిన ఇబ్బంది నాకు లేదు. ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకుని, ఈ చిత్రం మనల్ని కుర్చీ అంచున ఎలా కూర్చోబెట్టిందో, ఎక్కడ పట్టు సడలిందో, ఎడిటింగ్ పనిలో ఉన్నవాడిగా నాకు కనిపించినంత మేరకు వివరిస్తాను. చివర్లో మన తెలుగు వారికి ఈ పద్ధతిలో ఎలాంటి కథలు కాచుకుని ఉన్నాయో కూడా కొంత మాట్లాడతాను.

2018లో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు అనీష్ చాగంటి. అమెరికాలో పుట్టి, ఈ కథ జరిగే శాన్ హోజే నగరంలోనే పెరిగిన తెలుగు కుటుంబపు యువకుడు ఆయన. 2014లో కెమెరా అమర్చిన గూగుల్ గ్లాస్ కళ్లజోడు పెట్టుకుని రెండున్నర నిమిషాల చిన్న చిత్రం ఒకటి తీశారు. తాను తండ్రి కాబోతున్నానన్న వార్తను తల్లికి స్వయంగా చెప్పడానికి ఒక కొడుకు ఇండియాకు బయలుదేరి వచ్చే కథ అది. దాన్ని చూసిన గూగుల్ సంస్థ ఆయనను న్యూయార్క్‌లోని తన సృజన విభాగంలోకి తీసుకుంది. అక్కడ ప్రకటనలు తీస్తున్న కాలంలోనే, ఒక వెతుకులాట పెట్టె, ఒక మెరిసే కర్సర్, ఒక మెయిల్, వీటితో మనిషి మనసును కదిలించవచ్చన్న సంగతి ఆయనకు చేతిపనిగా పట్టుబడింది. 'సెర్చింగ్' బలం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ ఉద్యోగాన్నే చూపిస్తాను.

కంప్యూటర్ తెర మీదనే మొత్తం కథ నడిపించడం ఈ చిత్రంతో మొదలు కాలేదు. 2014లో వచ్చిన 'అన్‌ఫ్రెండెడ్' అనే భయానక చిత్రం ఒకే ల్యాప్‌టాప్ తెర మీద, దాదాపు ఆగకుండా సాగే ఒకే రాత్రి సంభాషణగా నడిచింది. దాని వెనుక ఉన్న నిర్మాత తిమూర్ బెక్మంబేతోవ్ ఈ పద్ధతికి 'స్క్రీన్‌లైఫ్' అని పేరు పెట్టి, దీని మీదే పెద్ద నమ్మకం పెట్టుకున్నారు. బెక్మంబేతోవ్ నిర్మాణ సంస్థకు చాగంటి, తన సహరచయిత సేవ్ ఒహానియన్‌తో కలిసి ఒక పొట్టి చిత్రం ఆలోచన చెబితే, దాన్నే పూర్తి నిడివి చిత్రంగా తీయమని వారు కోరారు. చాగంటి మొదట ఒప్పుకోలేదు. పది నిమిషాలకు సరిపోయే గమ్మత్తును గంటన్నరకు సాగదీస్తే ప్రేక్షకుడు విసిగిపోతాడన్న భయం ఎవరికైనా న్యాయమే. ఆ తరువాత ఇద్దరికీ మొదటి సన్నివేశం తట్టింది, ఆ సన్నివేశం తట్టాకనే సినిమా ఉందని నమ్మకం కుదిరింది.

ఆ మొదటి సన్నివేశాన్ని మరొకసారి గుర్తుచేసుకోండి. విండోస్ ఎక్స్‌పీ తెర, పచ్చటి గుట్ట, నీలాకాశం. మన ఊళ్లలో నెట్ సెంటర్లకు వెళ్లిన తరమంతా ఆ గుట్టను ఎరుగును. ఆ ఇంటి కంప్యూటర్‌లో పాపకు ఒక ఖాతా తెరుస్తారు, ఏటా బడి మొదటి రోజు ఫోటో చేరుతుంది, తల్లి పమేలా కూతురికి పియానో నేర్పుతున్న వీడియోలు చేరతాయి, ఆమెకు క్యాన్సర్ అని తెలిసిన నాటి వెతుకులాటలు చేరతాయి. అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజును కూతురు క్యాలెండర్‌లో రాసుకుంటుంది. ఆ గడిని తరువాతి తేదీకి జరుపుతుంది. చివరికి తొలగిస్తుంది. ఏడుపు లేదు, మంచం పక్కన బంధువులు లేరు, అంత్యక్రియల దృశ్యం లేదు. ఒక గడి మాయమైంది, తల్లి లేదని మనకు అర్థమైంది. ఇన్నేళ్లుగా తెర మీద మరణాలు చూస్తున్న నాకు, ఇంత తక్కువ సామగ్రితో ఇంత బరువు దింపిన సన్నివేశం మరొకటి వెంటనే గుర్తు రావడం లేదు.

ఇక్కడ ప్రేక్షకుడిని కదిలించినది రాసిన విషయం కంటే తీసివేసిన విషయం. ఈ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి నేను పట్టుకున్న దారం అదే. మామూలు సినిమాలో పాత్ర మనసులోని మాట బయటపడాలంటే మనకున్న ఉపాయాలు కొన్నే. నేపథ్యంలో గొంతు వినిపించాలి, లేకపోతే పక్కన ఒక స్నేహితుడిని కూర్చోబెట్టి అతనితో చెప్పించాలి, మన సినిమాల్లో అయితే పాట పెట్టాలి. ఇవేవీ కుదరకపోతే నటుడి ముఖం మీద భారం వేయాలి. స్క్రీన్‌లైఫ్ చిత్రానికి ఇంకో ఉపాయం దొరికింది. మనిషి ఒక వాక్యం టైప్ చేస్తాడు, ఆగుతాడు, చెరిపేస్తాడు, దాని స్థానంలో ఇంకొకటి పంపుతాడు. పంపినది అవతలి పాత్రకు చేరుతుంది, చెరిపేసినది మనకు మాత్రమే తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య దూరమే ఆ మనిషి స్వభావం.

తండ్రి డేవిడ్ కిమ్ కథ మొదట్లో కూతురు మార్గోకు నిన్ను చూస్తే గర్వంగా ఉందని రాస్తాడు. దాని వెంటనే మీ అమ్మ కూడా గర్వపడేది అని టైప్ చేసి, పంపకుండా చెరిపేస్తాడు. ఆ ఇంట్లో చనిపోయిన మనిషి ప్రస్తావన రాకూడదన్న అలిఖిత నియమం ఉందనీ, ఆ నియమాన్ని పెట్టింది తండ్రే అనీ, ఆ మౌనంలోనే కూతురు ఒంటరిదైపోయిందనీ చెప్పడానికి దర్శకుడికి పట్టిన సమయం కొన్ని క్షణాలు. ఇక చివర్లో, ఇంత జరిగాక, అదే వాక్యాన్ని ఆ తండ్రి మళ్లీ టైప్ చేస్తాడు, ఈసారి పంపుతాడు. పైకి ఇది తప్పిపోయిన అమ్మాయి కోసం వెతుకులాట. లోపల, ఒక మనిషి ఒక వాక్యం పంపగలిగే స్థితికి చేరిన ప్రయాణం. అపరాధ పరిశోధన కథలు ఎన్నో చదివి, చూసి ఉన్న మనకు ఈ చిత్రం కొత్తగా తోచడానికి కారణం ఈ రెండు కథలూ ఒకే కీబోర్డు మీద నడవడమేనని నా అభిప్రాయం.

ఇప్పుడు ఉత్కంఠ గురించి. ఈ చిత్రంలో ప్రేక్షకుడు చూడడంతో పాటు నిరంతరం చదువుతూ ఉంటాడు. చదివేవాడి కన్ను తెర మీద స్వేచ్ఛగా తిరుగుతుంది, కాబట్టి ఆధారాన్ని దాచడానికి చీకటి మూల అవసరం లేదు, బాగా వెలుతురున్న చోట పదిమంది మధ్య నిలబెట్టినా దొరకదు. తుఫాను వార్త సంగతి చూడండి. వాన పడినట్టు వార్తల్లో వస్తూనే ఉంటుంది, మనం దాన్ని వాతావరణం గొడవగా వదిలేస్తాం. ఈ కేసు చూస్తున్న డిటెక్టివ్ రోజ్‌మేరీ విక్ చెప్పిన లెక్క ప్రకారం నీళ్లు లేకుండా అన్ని రోజులు ఎవరూ బతకలేరు కాబట్టి మార్గో చనిపోయి ఉండాలి. లోయలో పడి ఉన్న మార్గోకు వాన నీరు అంది ఉంటుందన్న సంగతి తండ్రికి తట్టినప్పుడు, మనమూ అదే వార్త చదివాం కదా అని మన మీద మనకే కోపం వస్తుంది. ఇంటర్నెట్‌లో మార్గోతో స్నేహంగా మాట్లాడిన అమ్మాయి ఫోటో విషయమూ అంతే. ఆ ముఖం డబ్బులిచ్చి కొనుక్కునే స్టాక్ ఫోటోలలోని ఒక మోడల్ ముఖమని డేవిడ్ కనిపెట్టేది, కూతురి సంస్మరణ కోసం ఫోటోలు ఎక్కిస్తున్న వెబ్‌సైట్‌లో అదే ముఖం ప్రకటనగా ఎదురైనప్పుడు. దుఃఖంలో ఉన్న మనిషి చేసే మామూలు పని నుంచే ఆధారం పుట్టింది. యాదృచ్ఛికం అని కొట్టిపారేయలేని విధంగా ఆ క్షణాన్ని అమర్చడంలో రచయితల శ్రద్ధ కనబడుతుంది.

ఒక చిన్న పక్కమాట చెప్పి ముందుకు వెళతాను. ఈ చిత్రంలో వార్తల పక్క పట్టీల్లో, పోస్టుల మూలల్లో, గ్రహాంతరవాసుల రాకకు సంబంధించిన ఒక చిన్న కథను నిర్మాతలు దాచారు. ముఖ్య కథతో దానికి సంబంధం లేదు. మళ్లీ చూసేవారికి అది ఒక బహుమతి, అయితే నాకు అందులో కనిపించినది పనితనం. తెర మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ ఎవరో ఒకరు కూర్చుని రాశారన్న రుజువు అది.

చదవడం వల్ల వచ్చే ఇంకో ప్రమాదాన్ని కూడా ఈ కథ గొప్పగా వాడుకుంది. రాతలో గొంతు ఉండదు. బాబాయి పీటర్‌తో మార్గో మార్చుకున్న సందేశాలను డేవిడ్ చదివినప్పుడు, వారి మధ్య తప్పుడు సంబంధం ఉందేమోనని అతనితో పాటు మనకూ ఒళ్లు జలదరిస్తుంది. ఇద్దరూ కలిసి గంజాయి తాగేవారని, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని దుఃఖాన్ని ఆమె బాబాయి దగ్గర వెళ్లబోసుకునేదని తరువాత తెలుస్తుంది. అపార్థానికి గురిచేసే దారి ప్రతి మిస్టరీలోనూ ఉంటుంది, రచయిత బలవంతంగా కల్పిస్తాడు. ఇక్కడ దాన్ని మాధ్యమమే కల్పించింది, మన ఇళ్లలో ఎన్ని తగాదాలు ఒక పొడి మెసేజ్‌తో మొదలయ్యాయో తలుచుకుంటే అందులో అతిశయోక్తి కనిపించదు.

ఇక తయారీ విషయానికి వస్తాను. ఇక్కడ ఎడిటింగ్ వైపు పిల్లలు కొంతమంది ఉన్నారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. చిత్రీకరణ పూర్తయినది 13 రోజుల్లో. ఎడిటింగ్, తెరల తయారీ మాత్రం ఏడాదికి పైగా సాగింది. చిత్రీకరణకు ఏడు వారాల ముందే ఎడిటర్లు విల్ మెరిక్, నిక్ జాన్సన్ పనిలో దిగి, సినిమా మొత్తాన్నీ ఒక నమూనాగా కట్ చేసి పెట్టారు. అందులో తండ్రి, కూతురు, డిటెక్టివ్, అందరూ దర్శకుడే. ఆయన తన ముఖంతోనే అన్ని పాత్రలూ నటించి ఇస్తే, వాటిని కంప్యూటర్ తెర మీది కిటికీల్లో, అంటే విండోల్లో అమర్చి, ఏ క్షణంలో ఏ కిటికీ తెరుచుకోవాలో, కర్సర్ ఎక్కడికి పోవాలో నిర్ణయించారు. మన దగ్గర లొకేషన్ చూసి షాట్ రాసుకుంటాం. వీరికి లొకేషనే టైమ్‌లైన్ మీద, అంటే ఎడిటింగ్‌లో షాట్లను వరుసగా పేర్చే పట్టీ మీద ఉంది.

మనం చూసిన తెరలు నిజమైన తెరల రికార్డింగులు కావు. ప్రతి కిటికీ, ప్రతి బటన్, ప్రతి చిహ్నం విడివిడిగా మళ్లీ గీసి, యానిమేట్ చేసినవి. అందుకే కెమెరా తెరలోపలికి దగ్గరగా వెళ్లినా అక్షరాలు చెదరలేదు. 'అన్‌ఫ్రెండెడ్' మొత్తం తెరను ఒకే దూరం నుంచి చూపింది, ప్రేక్షకుడే వెతుక్కోవాలి. ఇక్కడ దగ్గరి షాట్ ఉంది, పక్కకు కదలిక ఉంది, ఒక మూల నుంచి ఇంకో మూలకు కట్ ఉంది. చాగంటి సాధించిన ముఖ్యమైన మార్పు ఇదేనని నేను అనుకుంటాను. తెరను ఆయన చిత్రీకరించవలసిన ప్రదేశంగా చూశారు, ఒక ఇంటినో వీధినో చూసినట్టు. డేవిడ్ నిద్రపోతున్న రాత్రి, ఫోన్ మూడుసార్లు మోగి ఆగిపోయిన ఆ రాత్రి, స్క్రీన్ సేవర్ అలలు ఆడుతున్న తెర మీద నిలిచిన ఆ షాట్‌కు భయం ఎక్కడి నుంచి వచ్చింది? నిడివి నుంచి వచ్చింది. ఎంతసేపు ఉంచాలన్న లెక్క ఎడిటర్ చేతిలో ఉంది.

దీనికి మూల్యం చెల్లించినవాడు డేవిడ్ పాత్ర వేసిన జాన్ చో. ఎదుట సహనటుడు ఉండీ లేనట్టే. చూపు సరిగ్గా ఏ బటన్ మీద పడాలో, మెసేజ్ ఏ మూలన వస్తుందో లెక్కపెట్టుకుని, కన్ను ఒక అంగుళం తప్పితే షాట్ పనికిరాని స్థితిలో, కూతురి జాడ తెలియని తండ్రి ఆందోళనను ఆయన పలికించారు. హాలీవుడ్ ప్రధాన స్రవంతి థ్రిల్లర్‌కు ఆసియా సంతతి నటుడు ఒకరు నాయకుడు కావడం అప్పటికి అపురూపం. ఆ కుటుంబం కొరియన్ కుటుంబం ఎందుకైంది అన్న వివరణ కథలో ఎక్కడా లేదు, అవసరమూ లేదు, వలస వచ్చినవారి ఇల్లు కూడా ఒక ఇల్లే కాబట్టి. పది లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తయారైన ఈ చిత్రం సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల పురస్కారం గెలుచుకుని, ప్రపంచవ్యాప్తంగా ఏడున్నర కోట్ల డాలర్లు వసూలు చేసింది.

నాకు నచ్చని భాగాలు దాచను. రెండో సగంలో టీవీ వార్తల దృశ్యాలు ఎక్కువయ్యాయి. సరస్సు నుంచి కారును పైకి లాగడం, శోధన బృందాల హడావుడి, ఇవి తెర మీద కనిపిస్తున్న తెరలే అయినా, వాటిని చూపుతున్న కెమెరా ఎవరిదో పరాయి వ్యక్తిది. అంతవరకు డేవిడ్ చేతి కదలికతో ముడిపడి ఉన్న మన చూపు అక్కడ తెగిపోతుంది. తమ్ముడి ఇంట్లో రహస్య కెమెరాలు పెట్టించడం కూడా, ముఖాముఖి ఘర్షణ చూపించాలన్న అవసరం కోసం చేసిన ఏర్పాటుగానే కనిపిస్తుంది. రీరికార్డింగ్ కొన్నిచోట్ల మరీ ముందుకు వచ్చి, కీబోర్డు చప్పుడుకు దక్కవలసిన నిశ్శబ్దాన్ని తినేసింది. ఇంత నిక్కచ్చిగా నియమం పెట్టుకున్నవారు ఆ నియమాన్ని చివరి వరకు నమ్మి ఉంటే బాగుండేదని నా బాధ. ఆ ఇద్దరు ఎడిటర్లే దర్శకులై 2023లో తీసిన 'మిస్సింగ్'లో, కొలంబియా వెళ్లి కనిపించకుండా పోయిన తల్లి కోసం లాస్ ఏంజెలెస్‌లోని కూతురు వెతుకుతుంది. వేగం పెరిగింది, మలుపులు పెరిగాయి. చెరిపేసిన వాక్యం బరువు మాత్రం ఆ స్థాయిలో లేదు.

మన దేశంలో ఈ పద్ధతిని గట్టిగా పట్టుకున్నవారు మలయాళీలు. 2020లో లాక్‌డౌన్ నడుమ మహేష్ నారాయణన్ 'సీ యూ సూన్' తీశారు. ఐఫోన్‌తో చిత్రీకరించిన ఆ చిత్రం సెప్టెంబర్ 1న ఓటీటీలో నేరుగా విడుదలైంది. గల్ఫ్‌లో ఉద్యోగం చేసే జిమ్మీ, అక్కడే పరిచయమైన అనును పెళ్లి చేసుకోవాలనుకుంటాడు. ఆ అమ్మాయి ఎవరో కనుక్కోమని తల్లి, కంప్యూటర్ భద్రత తెలిసిన మేనల్లుడి వరస కుర్రాడు కెవిన్‌ను పురమాయిస్తుంది. ఆ పాత్రలో ఫహద్ ఫాజిల్. ఇంతలో అను మాయమవుతుంది, ఆమె వెనుక ఆడవాళ్ల అక్రమ రవాణా బయటపడుతుంది. సగం కుటుంబం కొచ్చిలో, సగం దుబాయిలో ఉన్నవారికి ఫోన్ తెర మీదనే సంసారం నడుస్తుంది కాబట్టి, కథ తెర మీద జరగడానికి వేరే సాకు వెతకవలసిన పని ఆ దర్శకుడికి పడలేదు.

ఆ కారణం మనకు లేదా? కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయికి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఎందరు వెళ్లారో ఇక్కడ ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు. ఇళ్లలో పనికి వెళ్లిన ఆడమనిషి వారానికి ఒకసారి వీడియో కాల్‌లో కనిపించడం, ఆ పిలుపు ఒక వారం రాకపోవడం, ఊళ్లో అత్తగారి చేతిలో ఉన్న ఫోన్, ఏజెంటు నంబరు స్విచాఫ్: ఇక్కడ ఉత్కంఠను కల్పించనక్కర్లేదు, అది ఇప్పటికే ఉంది. అయితే 'సెర్చింగ్' నమూనాను ఎత్తి తెచ్చి ఇక్కడ పెడితే నడవదు. డేవిడ్ కిమ్ ఒక ఖాతా తాళం తీయడానికి ఇంకో మెయిల్ దాకా వెళ్లి, పాస్‌వర్డులు ఒక్కొక్కటే మారుస్తాడు. మన దగ్గర ప్రతి తాళమూ ఓటీపీ, ఆ ఓటీపీ వచ్చే సిమ్ చాలాసార్లు ఇంకొకరి పేరున, ఇంకొకరి చేతిలో ఉంటుంది. అతని కథ ఒంటరి కంప్యూటర్‌ది. మన ఫోన్ ఇంట్లో నలుగురిది. మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం, కొట్టడం రానివారు వాయిస్ మెసేజ్ పెడతారు. పెద్దవాళ్లు వాయిస్ మెసేజ్‌ను రికార్డు చేస్తూ మధ్యలో వదిలేస్తారు, మళ్లీ మొదలుపెడతారు. చెరిపేసిన వాక్యానికి మన దగ్గర ఉన్న రూపం అది, దాన్ని ఇంతవరకు ఎవరూ సరిగ్గా వాడుకున్నట్టు నాకు కనిపించలేదు.

ఇంకో కథ కూడా ఉంది, అది ఇప్పుడు జరుగుతున్నది. 'డిజిటల్ అరెస్ట్' పేరుతో నడుస్తున్న మోసం. చట్టంలో అలాంటి అరెస్టు ఏదీ లేదు. పోలీసు దుస్తుల్లో ఉన్నవాడు వీడియో కాల్‌లో కనిపించి, మీ పేరున కేసు ఉందని బెదిరించి, కెమెరా ఆపొద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు అని ఆదేశించి, గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి మనిషిని సొంత ఇంట్లోనే బందీగా ఉంచి డబ్బు బదిలీ చేయించుకుంటాడు. 2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా దీని గురించి హెచ్చరించవలసి వచ్చింది. సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉందని చాలామందికి తెలుసు, ఆ క్షణంలో గుర్తు రాదు. నేరం మొదటి నుంచి చివరి వరకు తెర మీదనే జరుగుతుంది, కాబట్టి దీన్ని తెర మీదనే చెప్పడం సహజం. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు, ఆమె ఫోన్‌లో ఆ కాల్, అదే సమయంలో బెంగళూరులో ఉన్న కూతురి నుంచి అన్నం తిన్నావా అమ్మా అన్న మెసేజ్. తెరను పంచుకోమని వాడు ముందే ఆజ్ఞాపించాడు కాబట్టి ఆమె టైప్ చేస్తున్న ప్రతి అక్షరమూ వాడు చూస్తున్నాడు. ఆమె ఏం టైప్ చేసి, ఏం చెరిపి, ఏం పంపుతుందో ఆలోచించండి. 'సెర్చింగ్'లో చెరిపేసిన మాటను ప్రేక్షకుడు ఒక్కడే చూశాడు. ఇక్కడ దాన్ని ప్రేక్షకుడితో పాటు నేరస్థుడూ చూస్తాడు. అంటే ఆ రచయితలు ఎదుర్కోని సమస్య ఒకటి మన ముందు ఉంది: చెరిపేయడం కూడా ప్రమాదమైన చోట, ఆమె కూతురికి సంకేతం ఎలా ఇవ్వాలి? తిన్నానమ్మా అని రోజూ రాసే మనిషి ఆ రోజు ఒక్క అక్షరం తేడాగా రాస్తే కూతురు పసిగట్టగలదా? పసిగట్టాలంటే వారి మధ్య రోజూ నడిచే మాటల తీరును మనం మొదటి ఇరవై నిమిషాల్లో ప్రేక్షకుడికి నేర్పి ఉండాలి.

ఇలాంటి చిత్రం తీయాలనుకునే పిల్లలకు నా సలహా ఒక్కటే. కెమెరా అద్దెకు తీసుకోవడానికి ముందు ఎడిటర్‌ను పిలవండి. తల్లి ఫోన్, కూతురి ఫోన్, మోసగాడి కంప్యూటర్, మూడింటికీ మూడు టైమ్‌లైన్లు గీసి, ఏ నిమిషాన ఏ తెర మీద ఏ అక్షరం ఉందో రాసుకోండి. మీ ముఖాలతోనే మొత్తం సినిమాను ఒకసారి కట్ చేసి, సంగీతం లేకుండా నలుగురికి చూపించండి. అక్కడ కూర్చున్నవారు కదలకుండా చూస్తే, అప్పుడు నటుల దగ్గరికి వెళ్లవచ్చు.